ఆ ఉరుకు యాడికి పోతది

పోచమ్మకు ప్రశ్నలెక్కువ. మధురానగర్ నుంచి అమీర్‌పేట దాకా ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. నాలుగేళ్లుగా పొద్దున్నే కోచింగ్ సెంటర్ల ముందు పికప్ బండి వెనక తలుపు దించి, ఇడ్లీ, ఉప్మా అమ్ముతూ, ప్లేటు అందుకున్న ప్రతివాణ్ణీ, ఆ సెంటర్లలో నేర్పే జావా అంటే ఏమిటని అడిగింది. ఒకడు అదొక భాష అన్నాడు. ఎవరు మాట్లాడతారంటే ఎవరూ మాట్లాడరన్నాడు. ఇంకొకడు చట్నీ మరికాస్త వేయించుకుని జారుకున్నాడు. వీళ్లకే సరిగ్గా తెలియదు, అందుకే ఇన్ని నెలలు నేర్చుకుంటున్నారని పోచమ్మ తీర్మానించింది. ఆ తీర్మానంలో మరీ అంత తప్పేమీ లేదు.

అలాంటి మనిషి వినాయక చవితి వెళ్లిన దగ్గర్నుంచి నోటికి తాళం వేసుకుంది.

చవితి మర్నాడు శ్రీనగర్ కాలనీలో ఒక ఆఫీసుకు టిఫిన్లు దించి, ఇంకో ఆఫీసుకని పంజాగుట్ట వైపు వాలు దిగుతున్నారు. బండి నడిపేది ఆమె మొగుడు రాజనర్సయ్య. ముందు బస్సు ఆగింది. రాజనర్సయ్య బ్రేకు తొక్కాడు. బండి ఆగుదామా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు సాగిపోయింది. ఇంకోసారి తొక్కాడు. చివరికి స్టీరింగు పక్కకు తిప్పి, రోడ్డు పనికి పోసిన ఇసుక కుప్పలోకి ఎక్కించి ఆపాడు. మనుషులకేమీ కాలేదనే అన్నారు చూసినవాళ్లు. పోచమ్మ కాళ్ల దగ్గర పెట్టుకున్న సాంబారు క్యాను మూత ఎగిరి ఆమె ఎడమ పాదం మీద ఒలికిన సంగతి వాళ్లకేం తెలుసు. నెల తిరిగేసరికి పాదం మానింది. భయం మానలేదు.

తర్వాత ఆమె మళ్లీ బండి ఎక్కలేదు. రాజనర్సయ్య ఒక్కడే వెళ్లి, ఒక చేత్తో వడ్డించి, ఒక చేత్తో ప్లేట్లు కడిగి, సగం ఇడ్లీలు ఇంటికి తెచ్చేవాడు. అమ్మెయ్యమంది పోచమ్మ. కొనడానికి ఎర్రగడ్డ నర్సింహులు సిద్ధంగానే ఉన్నాడు. కాల్ సెంటర్లకు కార్లు తిప్పే మనిషి. బండి తీసుకుని, రాజనర్సయ్యకు తన దగ్గర డ్రైవరు పని కూడా ఇస్తానన్నాడు. పదహారేళ్లు పరాయివాళ్ల బండ్లు తోలి తోలి, మొదటిసారి తనదంటూ ఒకటి కొనుక్కున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో పోచమ్మకు తెలియక కాదు. కానీ కాలినది ఆమె కాలు.

రాజనర్సయ్య ఒక్క గడువు అడిగాడు. దసరాకు హాస్టళ్లన్నీ ఖాళీ అవుతాయి, ఎలాగూ వ్యాపారం ఉండదు. ఆ సెలవుల్లో ఇంటి దగ్గరే వెనక చక్రాలకు పెద్ద బ్రేకులు వేస్తానన్నాడు. పొయ్యి, సిలిండరు, క్యాన్లు, నీళ్లు, బరువంతా వెనకే ఉంటుంది. ఆ బరువుకు పాత బ్రేకులు చిన్నవైపోయాయి. అదే కంపెనీ కొత్త రకం బండికి వచ్చే పెద్ద డ్రమ్ములు, వెడల్పాటి బ్రేకు షూలు దీనికి సరిపోతాయని రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, కొలిచి మరీ తెచ్చుకున్నాడు.

"పండుగయినంక నువ్వు ఎక్కి కూసో. అదే వాలు దిగుదం. నీ మనసు ఒప్పకుంటే తెల్లారి నర్సింహులు చేతుల తాళం పెడ్త," అన్నాడు.

పోచమ్మ సరే అంది. బండి ఎక్కడానికి కాదు, ఆ తాళం సంగతి తేల్చుకోవడానికి.

దసరా ముందు రోజు పొద్దున్నే పని మొదలైంది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక కుడి వైపు జాకీతో లేపి, కింద చెక్క దిమ్మెలు పేర్చాడు. వాళ్లుండేది కమలకుమారి గారి ఇంట్లో, కింది వాటాలో. ఆవిడ భీమవరం వైపు నుంచి వచ్చి, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. సిమెంటు వాకిలి మీద నూనె మరకలు పడితే ఊరుకోనని చెప్పడానికి మేడ దిగి వచ్చింది. చెప్పింది. చెప్పాక ఒక కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి తప్ప మళ్లీ పైకి వెళ్లలేదు.

పోచమ్మ గడప మీద కాలు చాపుకుని కూర్చుని, అటు చూడకూడదని గట్టిగా అనుకుని చిక్కుళ్లు తుంచుతోంది. చక్రం ఊడింది. చూడలేదు. తుప్పుతో బిగుసుకుపోయిన డ్రమ్ము చుట్టూ రాజనర్సయ్య సుత్తితో కొడుతుంటే ఠంగు ఠంగున మోగింది. చూడలేదు. ఆఖరికి డ్రమ్ము ఊడి చేతిలోకి వచ్చింది. అప్పుడు చూడక తప్పలేదు. చిక్కుళ్లు పక్కన పెట్టి, లేచి వచ్చి తొంగి చూసింది.

"గింతేనా?" అంది.

నెల రోజుల తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. లోపల ఏదో పెద్ద యంత్రం ఉంటుందని ఊహించుకుంది. ఉన్నవి చంద్రవంకల్లాంటి రెండు ఇనుప షూలు, వాటి వీపు మీద అంటించిన గరుకు పట్టీల్లాంటి లైనర్లు, నాలుగు స్ప్రింగులు, పైన చిన్న సిలిండరు. కాలితో పెడలు తొక్కితే సిలిండరు షూలను బయటికి నెడుతుందనీ, లైనర్లు వెళ్లి తిరిగే డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుంటాయనీ, డ్రమ్ము ఆగితే చక్రం ఆగుతుందనీ రాజనర్సయ్య చెప్పాడు. అన్ని ఇడ్లీలు, అంత సాంబారు, మొగుడు, తాను, ఇన్నాళ్లూ ఈ రెండు ముక్కల దయ మీద బతికారా అనిపించింది పోచమ్మకు. పాత లైనర్లు అరిగి అరిగి రేకులా మిగిలాయి.

ఇక ప్రశ్నలు ఆగలేదు. రెండు చక్రాలూ ఒకేసారి విప్పితే పని తొందరగా తెములుతుంది కదా అంది. స్ప్రింగుల్లో ఏది ఎక్కడిదో, ఏ కొక్కెం ఎటు తిరిగి ఉందో మరిచిపోతే రెండో వైపు డ్రమ్ము తీసి చూసి పెట్టుకోవచ్చని, అందుకే ఎప్పుడూ ఒక వైపే విప్పాలని ఆయన జవాబు. విప్పని చక్రం తనకు పుస్తకం లెక్క అన్నాడు. ఆ మాట పోచమ్మకు నచ్చింది. మొగుడు చదివే పుస్తకం ఒకటుందని ఇన్నేళ్లకు తెలిసింది.

కొత్త షూలు బిగిస్తుండగా ఆమె ఇంకో ప్రశ్న వేసింది.

"బండి గంత జోరుగ ఉరుకుతుంటది. నువ్వు తొక్కుతవు, ఆగుతది. మరి గా ఉరుకు యాడికి పోతది?"

రాజనర్సయ్య స్ప్రింగు పక్కన పెట్టి డ్రమ్ములోకి తొంగి చూశాడు. ఇరవై ఏళ్లుగా బండ్లు ఆపుతున్నాడు గానీ, ఆగిన పరుగు ఎక్కడికి పోతుందో ఎప్పుడూ వెతకలేదు. కుర్చీలో కమలకుమారి గారి కళ్లు మెరిశాయి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఒక్క పిల్లా ఈ ప్రశ్న అడగలేదంది.

"అరచేతులు రెండూ గట్టిగా రుద్దు పోచమ్మా. ఏం తెలుస్తోంది?"

"ఉడుకైతున్నయ్."

"అంతే. ఎక్కడికీ పోదు. పరుగంతా వేడైపోతుంది. బండి గట్టిగా ఆగిందంటే చక్రం లోపల అంత వేడి పుట్టిందన్న మాటే."

పోచమ్మ ఆ రోజంతా మధ్యమధ్య చేతులు రుద్దుకుంటూనే ఉంది. రుద్దడం, చెంపకు ఆనించుకోవడం. చీకటి పడేలోపు కుడి చక్రం పని ముగిసింది. ఎడమ వైపువి, కొత్త డ్రమ్ము, రెండు షూలు, వాకిట్లో గోనెసంచి మీద సర్ది పెట్టి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పాడు రాజనర్సయ్య.

తెల్లవారితే దసరా. మొగుడు మటన్ దుకాణం ముందు వరసలో నిలబడడానికి వెళ్లాడు. పోచమ్మ తలస్నానం చేసి ఆయుధపూజకు కూర్చుంది. వాళ్ల అమ్మ పారకూ గడ్డపారకూ నాగలి కర్రుకూ ఎలా చేసేదో అలాగే. ఇనుమన్నదాన్ని ముందు నూనె గుడ్డతో తుడవాలి, తర్వాత బొట్టు పెట్టాలి. గరిటెలు, ఇడ్లీ రేకులు, పొయ్యి, స్పానర్లు, సుత్తి, జాకీ, అన్నిటికీ నువ్వుల నూనె రాసింది. గోనెసంచి మీది గుడ్డ తీసింది. షూలు చేతిలోకి తీసుకుంది. నిన్నంతా చూసింది కదా, మొగుడి ప్రాణం పట్టి నిలిపేవి ఇవే. వీటికి తక్కువ చేస్తే ఎలా? లోపలి ఇనుముకు రాసి, వీపు మీది నల్లటి లైనర్లకు రాసింది. రాసిన నూనె రాసినట్టే ఇంకిపోయింది. పాపం ఎంత దాహంగా ఉన్నాయో అని ఇంకాస్త రాసింది. అంచున ఉన్న ఇనుము మీద పసుపు కుంకుమ బొట్లు పెట్టి, అగరొత్తులు తిప్పి, మళ్లీ గుడ్డ కప్పింది.

మొగుడు వచ్చి బొట్లు చూసి, షూలను కళ్లకద్దుకున్నాడు. నూనె అప్పటికే లోపలికి దిగిపోయింది. ఆయన చేతులకు అంటిన జిడ్డు స్పానర్లదో, గ్రీజుదో, షూలదో ఎవరు వేరు చేస్తారు? మటన్ కూర తిని, కాసేపు నడుం వాల్చి, ఎడమ చక్రం పట్టాడు. నిన్న చదివిన కుడి చక్రం అనే పుస్తకం గుర్తు చేసుకుంటూ చకచకా బిగించాడు.

బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి, ఒకరు కింద, ఒకరు పెడలు మీద. కమలకుమారి గారు మోకాళ్ల నొప్పులన్నది. పోచమ్మ వాకిట్లో నిలబడి బండిని అటు నుంచి ఇటు చూసింది. దిమ్మెల మీద ఉన్న బండి ఎక్కడికీ పోదు కదా అని తనకు తానే చెప్పుకుని, నెల తర్వాత మొదటిసారి లోపలికి ఎక్కింది, అదీ డ్రైవరు సీట్లోకి. తొక్కు అంటే తొక్కింది, పట్టు అంటే పట్టింది, ఇడువు అంటే వదిలింది. పులిసిన పిండిలో దిగినట్టు మెత్తగా దిగిన పెడలు, పోనుపోను గట్టిపడి, చివరికి పాదం కింద రాయిలా నిలిచింది. కాలిన పాదమే మొండిగా దాన్ని నొక్కి పట్టింది. దిగాక కూడా పోచమ్మకు ఆ గట్టిదనం అరికాల్లోనే ఉంది. భయం పోలేదు గానీ పక్కకు జరిగి కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి బండి వీధిలోకి దిగింది. పండగ రోజు, హాస్టళ్లకు తాళాలు, వీధి ఖాళీ. గేటు దగ్గర ఆడవాళ్లిద్దరూ నిలబడ్డారు. రాజనర్సయ్య చివరిదాకా వెళ్లి తిప్పుకుని, వేగంగా వచ్చి బ్రేకు తొక్కాడు. బండి వెనక భాగం ఒక్కసారి పక్కకు విసిరికొట్టి, గోడకు జానెడు దూరంలో ఆగింది. మళ్లీ వెళ్లాడు. మళ్లీ అంతే. రోడ్డు మీద నల్లటి చార ఒక్క వైపే పడిందని, అది కుడి చక్రానిదని కమలకుమారి గారు చూపించింది.

రాజనర్సయ్య బండిని వాకిట్లోకి తెచ్చాడు. ఆయన జాకీ తెచ్చుకునేలోపు పోచమ్మ కుడి చక్రం దగ్గరికి వెళ్లి అరచెయ్యి చాపింది. పెనం మీద నుంచి వచ్చినట్టు సెగ కొట్టింది. ఎడమ వైపు వెళ్లి చాపింది. ఏమీ లేదు. గోరువెచ్చగా, అంతే. ఇటు వైపు ఉరుకు వేడి కాలేదు. అంటే ఇటు వైపు అసలు పట్టలేదు. ఎవరూ చెప్పకుండా తనకు తానే తెలుసుకున్న సంగతి అది. ఎంత సంతోషించిందో చెప్పలేం, కాసేపే అనుకోండి.

రాజనర్సయ్య ఎడమ చక్రం విప్పాడు. సిలిండరు కారడం లేదు. స్ప్రింగులు వాటి చోట అవి ఉన్నాయి. పక్కన కూర్చుని లైనరు మీద వేలు రాసి చూసుకున్నాడు.

"నూనె పడ్డట్టు జారుతున్నది. యాడికెల్లి పడ్డది? ఇరుసు సీలు సూస్తె పొడిగున్నది," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పోచమ్మ చేతులు కొంగులోకి వెళ్లాయి. వంగి వాసన చూసింది. దీపం కొండెక్కినప్పుడు వచ్చే వాసన. పొద్దున పూజలో తాను రాసిన నువ్వుల నూనె, కాస్త మాడి, లోపలినుంచి పలకరించింది.

రాజనర్సయ్యకు ఇవేమీ తెలియవు. దిమ్మె మీద కూర్చుండిపోయాడు. సామాను మంచిదేనని, అదే పెట్టెలోని షూలు కుడి వైపు పట్టాయని, తప్పు బిగించిన చేతిలోనే ఉందని నెమ్మదిగా చెప్పాడు. తప్పు ఎక్కడో కూడా కనిపించని చేతిని నమ్మి పెళ్లాన్ని ఆ వాలు మీదికి ఎలా తీసుకుపోవాలన్నాడు. జేబులోంచి సెల్‌ఫోను తీశాడు. నర్సింహులును రేపు పొద్దున్నే రమ్మని చెప్పేస్తే ఒక పని అయిపోతుందన్నాడు.

పోచమ్మ ఏమీ అనకుండా నిలబడింది. అనకపోతే చాలు. బండి పోతుంది. నెల రోజులుగా తాను కోరింది అదే. నూనె సంగతి ఎవరికీ తెలియదు, నవ్వులపాలయ్యే పని లేదు, ఆ వాలు మళ్లీ దిగే పని లేదు. మొగుడు ఎప్పటికీ తనను ఒక్క మాట అనడు. తన చేతులనే అనుకుంటాడు. బతికినన్నాళ్లూ ఇంకొకరి కారు తోలుతూ, స్టీరింగు మీద ఉన్న ఆ చేతులను చూసుకుని అనుకుంటాడు. ఆయన బొటనవేలు ఫోను మీద నంబరు వెతుకుతోంది. నిన్న ఠంగు ఠంగున సుత్తి కొట్టిన వేలు. స్ప్రింగు తగిలి గోరు కింద నల్లగా రక్తం గడ్డకట్టి ఉంది.

"ఫోను లోపల పెట్టు. నీ చేతులు మంచిగనే ఉన్నయ్. పొద్దుగాల గా లైనర్లకు నేను నూనె రాసిన," అంది.

రాజనర్సయ్య తలెత్తాడు. "నూనె?"

"దీపం నూనె. పూజల. తాగుతుంటే ఇంకింత రాసిన."

కుర్చీలో కమలకుమారి గారికి నవ్వు పొంగుకొచ్చింది. పోచమ్మ ముఖం చూసి, పొంగిన నవ్వును అక్కడే దింపుకుంది.

"గవాటికి ఎందుకు రాసినవే?"

"నువ్వు వాలు దిగుతుంటె నిన్ను ఇడువకుంట పట్టాలె అని."

రాజనర్సయ్య ఆ షూను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచున బొట్టు ఇంకా ఉంది. నల్లటి చేతి వెనకతో కళ్లు తుడుచుకున్నాడు, చెంప మీద మసి మిగిలింది. తన చెయ్యి పోయిందనే ఫికరుతో గుండె ఆగినంత పనైందని, నూనె ఎంత చిన్న సంగతని అన్నాడు. కుంకుడుకాయ రసంతో కడిగితే పోదా అని పోచమ్మ అడిగింది. లైనరు తాగిన నూనెను కక్కదని, నెత్తి రుద్దినంత తేలిక కాదని, కొత్త షూలే వేయాలని ఆయన చెప్పాడు. అలా అయితే కుడి వైపువి? వాటి మీద దీపం నూనె పడలేదు గనక అవి పదిలం. రాణిగంజ్ దుకాణాలు ఎల్లుండి తెరుస్తారు.

ఆ సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కమలకుమారి గారి కాళ్లకు మొక్కినప్పుడు, ఆవిడ పోచమ్మ చెవిలో ఒక మాట చెప్పింది. తన పెళ్లయిన కొత్తలో, ఆగిన గోడగడియారం నడుస్తుందని లోపల కొబ్బరినూనె పోసిందట. సైన్సు టీచరు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదంది.

దుకాణాలు తెరిచిన రోజే కొత్త షూలు వచ్చాయి. పోచమ్మ శనగపిండితో మూడుసార్లు చేతులు రుద్ది కడుక్కుని, అంచులు పట్టుకుని ఒక్కొక్కటీ అందించింది. ఆఖరి స్ప్రింగు ఆమెనే తగిలించమన్నాడు రాజనర్సయ్య. రెండుసార్లు జారింది, మూడోసారి టక్కున పడింది. పెడలు మళ్లీ ఆమే తొక్కింది. బొట్టు ఈసారి డ్రమ్ము బయట పెట్టింది, నూనె లేకుండా.

సాంబారుకు బదులు క్యాన్ల నిండా నీళ్లు పోసి బండెక్కించారు. బరువు అదే ఉండాలి, పడినా కాలకూడదు. శ్రీనగర్ కాలనీ దాకా పోచమ్మ రోడ్డు చూడలేదు, ఒళ్లో ఉన్న చేతులనే చూసుకుంది. వాలు మొదలైంది. ఇసుక కుప్ప ఉన్న చోట ఇప్పుడు కొత్త తారు. అక్కడికి రాగానే రాజనర్సయ్య వెనకాముందూ చూసుకుని బ్రేకు తొక్కాడు. పోచమ్మ ఎడమ పాదం కూడా నేలను తొక్కింది. క్యాన్లలో నీళ్లు దబుక్కుమన్నాయి. మూతలు కదల్లేదు. బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది.

పోచమ్మ తలుపు తీసుకుని దిగింది. రాజనర్సయ్య ముఖం పాలిపోవడం ఆమెకు తెరిచిన తలుపులోంచి కనిపించింది. నర్సింహులుకు ఇస్తానన్న తాళంచెవి మీద ఆయన చెయ్యి పడడం కూడా కనిపించింది. అయినా ఆగలేదు. ఎడమ వెనక చక్రం దగ్గర వంగి అరచెయ్యి చాపింది. బండి చుట్టూ నడిచి వెళ్లి కుడి వైపు చాపింది. నమ్మకం చాలక మళ్లీ ఎడమ వైపుకు వచ్చి, జ్వరం చూసినట్టు తాపీగా చూసింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాడు.

తిరిగి వచ్చి కిటికీలోకి తల పెట్టింది.

"రెండు దిక్కులా ఒక్క తీరే కాలుతున్నది," అంది.

ఆమె ఎక్కి కూర్చుని, తలుపు వేసుకుని, కాళ్ల దగ్గర క్యాను సర్దుకుంది.

"నర్సింహులుకు బండి లేదని చెప్పు. ఇగ మళ్లీ పైకి తిప్పు, ఇంకింత జోరుగ దిగుదం. ఇంకెంత ఉడుకైతదో సూడాలె."